చుట్టపు చూపుగా చూసిన దేశం

టోక్యోలోని నిషికసాయి నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఎవరో తెలియకుండా దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు ముప్పై నాలుగు. పెళ్ళయిన కొత్తలోనే భర్త ఉద్యోగరీత్యా జపాన్ వెళ్ళి, ఏడేళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్నారు. భర్త చిప్‌ల డిజైన్ ఇంజనీరు. ఆమె ఆయన మీద ఆధారపడిన కుటుంబ సభ్యురాలి వీసాతో ఉంటూ, అనుమతి తీసుకుని ఒక శిశు సంరక్షణ కేంద్రంలో వారానికి కొన్ని గంటలు పని చేస్తున్నారు. అక్కడే పుట్టిన పాప వచ్చే ఏప్రిల్‌లో ఒకటో తరగతిలో చేరాలి. ఈలోగా దక్షిణ కొరియాలోని సువోన్ నుంచి ఒక సంస్థ ఆయనకు ఎక్కువ జీతంతో ఉద్యోగం ఇస్తామంది. వచ్చే నెలాఖరులోగా ఏదో ఒక మాట చెప్పాలి.

గత వేసవిలో ఈ కుటుంబం మూడు వారాలు సువోన్‌లో ఉంది. అక్కడి సంతలో వేడివేడి హొత్తోక్ తీపి రొట్టెలు అమ్మే ముసలమ్మ పాప బుగ్గ పుణికి, వయసెంతో అడిగి, రెండో బిడ్డ ఏదని సైగలతో ఆరా తీసి, రొట్టె చేతిలో పెట్టి డబ్బు తీసుకోలేదట. ఈమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. నిషికసాయిలో ఏడేళ్ళయినా పక్క ఫ్లాటు ఆవిడ గడప దాటి లోపలికి రాలేదు. లిఫ్టులో తల వంచి నమస్కరిస్తుంది, అంతే. రైల్లో ఈమె పక్క సీటు చాలాసార్లు ఖాళీగానే ఉండిపోతుంది. రెండేళ్ళ కిందట పెద్ద ఇంటి కోసం ఏజెంటు దగ్గరికి వెళితే, అతను ఆమె ఎదుటే యజమానులకు ఫోన్ చేశాడు. ఆ మాటల్లో ‘గైకొకుజిన్’, అంటే విదేశీయులు, అన్న ముక్క ప్రతిసారీ వినిపించేది. ఫోన్ పెట్టేసి ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, ఆ ఇంటి కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేవాడు. అలా నాలుగు కాగితాలు బోర్లా పడ్డాయి.

భర్త లెక్క వేరు. సువోన్‌లోనే ఒక రాత్రి మెట్రోలో తాగిన మనిషి ఒకడు వీళ్ళకేసి వేలు చూపి, బోగీ అంతా వినేలా తిట్టాడు. జపాన్‌లో ఇలా ముఖం మీద ఎవరూ అనలేదని, ఇంకో మూడేళ్ళు ఓపిక పడితే పదేళ్ళు నిండి శాశ్వత నివాసం వస్తుందని ఆయన అంటున్నారు. దానికి ఈమె, “ముఖం మీద అన్నవాడు ఒక్కడు, ముఖం తిప్పుకున్నవాళ్ళు ఎందరో” అన్నారట. అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆయన ముందు వెళ్ళి ఆరు నెలలు చూసి వస్తే ఎలా ఉంటుందని కూడా అనుకుంటున్నారు. “ఈ రెండు దేశాల్లో మనల్ని తమవాళ్ళుగా చూసేది ఏదో మీరే తేల్చండి. మీరు చెబితే ఆయన వింటారు” అని రాసి, చివర ఇంకో ప్రశ్న చేర్చారు: బడి కోసం తాతయ్య డబ్బు పంపి కొనిపించిన ఎర్ర రందోసెరు సంచిని వెనక్కి ఇచ్చేయాలా?

సమాధానం:

అమ్మా, మీరు తీర్పు అడిగారు. అయితే మీరు తూస్తున్న రెండూ ఒకే తక్కెడలో పెట్టదగినవి కావు. సువోన్‌కు చుట్టపు చూపుగా వెళ్ళారు, నిషికసాయిలో కాపురం చేస్తున్నారు. చుట్టపు చూపుగా వెళ్ళిన ఇంట్లో పీట వేస్తారు, పిండివంట పెడతారు. ఆ ఇంటి కోడలికి ఆ వంటింట్లో ఎలా గడుస్తోందో చుట్టానికి తెలియదు. కొరియాలో ఉన్న మూడు వారాల్లో మీరు ఇల్లు వెతకలేదు, బ్యాంకులో ఖాతా తెరవలేదు, పాపను బడిలో వేయలేదు, జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి కౌంటరు దగ్గర రాని భాషలో మాటలు వెతుక్కోలేదు. జపాన్‌లో ఇవన్నీ చేశారు, మీకు తగిలిన దెబ్బల్లో చాలావరకు ఆ పనుల్లో తగిలినవే.

అలాగని ఆ హొత్తోక్ ముసలమ్మ ఆప్యాయత బూటకమని నేననను. కొరియన్లు దాన్ని ‘జోంగ్’ అంటారు, మన మమకారానికి దగ్గరగా ఉండే మాట. వయసు అడగడం కూడా వాళ్ళకు ఆరా కాదు. ఎదుటి మనిషి పెద్దో చిన్నో తెలిస్తే తప్ప ఏ క్రియారూపం వాడాలో, ఏమని పిలవాలో తేలని భాష అది. మీకు అక్కడ మన ఊరి పక్కింటి పిన్ని కనిపించింది. అయితే మన ఊరి పిన్ని విషయంలో మీకు తెలిసినదే అక్కడా వర్తిస్తుంది. “రెండో బిడ్డ ఏది?” అన్న ప్రశ్న మూడో వారంలో తియ్యగా ఉంటుంది, మూడో ఏడాదిలో అపార్ట్‌మెంటు కాపలాదారూ, పిల్లల డాక్టరు దగ్గరి నర్సూ అదే అడుగుతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. జపాన్‌లో పద్ధతి తిరగబడి ఉంటుంది. ఎదుటివారికి ‘మెయివకు’, అంటే ఇబ్బంది, కలిగించకపోవడమే వాళ్ళు పిల్లలకు నేర్పే మొదటి మర్యాద. మీ పక్కింటావిడ మీ తలుపు తట్టకపోవడం మీకు వెలివేతలా తోస్తోంది. తట్టడం మీకు ఇబ్బందేమోనని ఆవిడ ఆగిపోయి ఉండవచ్చు. ఏడేళ్ళు పక్కపక్కనే ఉన్నా అది మర్యాదో వెలివేతో మీకు తేల్చుకోవడానికి వీలు లేకపోవడమే అసలు బాధ అని నాకు అర్థమైంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు.

కానీ ఆ బోర్లా పడిన నాలుగు కాగితాల విషయంలో ఏ సందేహమూ అక్కర్లేదు. అది మర్యాద కాదు, నిరాకరణ. మీకు మాత్రమే జరిగిందీ కాదు. జపాన్ న్యాయశాఖ 2017లో వెలువరించిన సర్వేలో, అంతకుముందు ఐదేళ్ళలో ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 39 శాతం మంది తమకు విదేశీయులన్న కారణంతోనే ఇల్లు ఇవ్వలేదని చెప్పారు. 2016లో విద్వేష ప్రసంగాల మీద ఒక చట్టం వచ్చినా అందులో శిక్షలు లేవు; ఇల్లు ఇవ్వనన్న యజమానిని నేరుగా నిలదీసే సమగ్రమైన వివక్ష నిరోధక చట్టం అక్కడ ఇప్పటికీ లేదు. మీరు అవమానపడటంలో తప్పు లేదు. ఒక్క మాట మాత్రం పక్కన పెట్టుకుందాం. హైదరాబాదులో నేను మొదటిసారి టు-లెట్ బోర్డు చూసి ఒక గేటు తీసినప్పుడు, ఇంటావిడ అద్దె ఎంతో చెప్పకముందే “మీరేమిట్లు?” అని అడిగింది. నా జవాబు విని లోపల ఎవరినో కనుక్కుని వచ్చి, ఇల్లు నిన్ననే ఇచ్చేశామంది. బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడింది. పరాయితనం చూడటానికి మనం విమానం ఎక్కనవసరం లేదు.

ఇక మీవారి మాట. మెట్రోలో తాగుబోతు అరుపుకు భయపడి ఒక దేశాన్నే వద్దనడం మీకు అతిగా కనిపించింది. ఆయన భయానికి ఆధారం లేకపోలేదు. 2009లో కొరియాలోని బుచోన్ దగ్గర బస్సులో ప్రయాణిస్తున్న ఒక భారతీయ అధ్యాపకుణ్ణి ఒక ప్రయాణికుడు రంగును, జాతిని పట్టుకుని తిట్టాడు. ఆయన ఊరుకోకుండా ఫిర్యాదు చేశాడు. ఆ ఏడాదే న్యాయస్థానం తిట్టిన మనిషికి పది లక్షల వోన్ల జరిమానా వేసింది. అది కూడా వివక్ష చట్టం కింద కాదు, సాధారణ పరువు చట్టం కింద వేసిన శిక్ష; సమగ్ర వివక్ష నిరోధక బిల్లు 2007లో తొలిసారి పార్లమెంటు ముందుకు వచ్చి, ఆ తర్వాత ఎన్నిసార్లు తెచ్చినా చట్టం కాలేదు. రంగు మీద నోరు జారడం కొరియాలో కాస్త ఎక్కువే, ముఖ్యంగా దక్షిణాసియా నుంచి వచ్చినవారిని చూస్తే కర్మాగారాల్లో కూలికి వచ్చారనుకునే అలవాటు చాలామందిలో ఉంది. మీవారి చేతిలో ఇంజనీరు గుర్తింపు కార్డు ఉన్నప్పుడు ఒక రకం చూపు, లేనప్పుడు ఇంకో రకం. మీకు ఏ కార్డూ ఉండదు, అది గుర్తుంచుకోండి.

వీధిలో నవ్వునూ చట్టంలో చోటునూ విడదీసి చూడమని నేను చెప్పడానికి కారణం ఉంది. మీ పాప పేరున జపాన్‌లో నెలకు పదివేల యెన్లు శిశు భత్యం మీ ఖాతాలో పడుతున్నాయి కదా. అక్కడ నివాసం ఉంటే చాలు, పౌరసత్వం అడగరు. కొరియాలో పిల్లలకిచ్చే భత్యానికి కొరియా పౌరసత్వం ఉండాలి. రొట్టె చేతిలో పెట్టి డబ్బు తీసుకోని దేశంలో ఆ భత్యం మీకు అందదు. పక్కింటివారు పలకరించని దేశంలో అది రెండు నెలలకోసారి లెక్క ప్రకారం వస్తోంది. కొరియాలో 2008లో బహుళ సాంస్కృతిక కుటుంబాల సహాయ చట్టం వచ్చింది, ఊరూరా సహాయ కేంద్రాలు పెట్టారు, చాలా మంచి పని. అయితే ఆ చట్టం దృష్టిలో అలాంటి కుటుంబమంటే భార్యాభర్తల్లో ఒకరైనా కొరియా పౌరులై ఉన్నది. తెలుగు భార్యాభర్తలు, తెలుగు బిడ్డ ఉన్న మీ ఇల్లు ఆ నిర్వచనంలోకి రాదు. ఇదంతా చూసి జపానే నయమనుకోకండి. కొరియాలో శాశ్వత నివాసం పొంది మూడేళ్ళు దాటిన విదేశీయులు 2006 నుంచి స్థానిక ఎన్నికల్లో ఓటు వేస్తున్నారు. జపాన్‌లో ఎన్నేళ్ళున్నా పౌరసత్వం తీసుకుంటే తప్ప ఆ ఓటు లేదు. 2019లో మీ ఎదొగావా వార్డు సభకు ఎన్నికైన భారత సంతతి వ్యక్తి కూడా అంతకుముందు జపాన్ పౌరసత్వం తీసుకున్నవారే.

2020 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా పేరుతో జపాన్ తన పౌరులను రానిచ్చి, అక్కడే ఇల్లూ పన్నూ ఉన్న విదేశీ నివాసులు ఒకసారి దేశం దాటి వెళితే ప్రత్యేక కారణం ఉంటే తప్ప తిరిగి రావడానికి కొన్ని నెలలు వీలు లేకుండా చేసింది. శాశ్వత నివాసులకూ అదే గతి పట్టింది. మరుసటి ఏడాది మార్చిలో సోల్ నగరపాలన విదేశీ కార్మికులందరూ పరీక్ష చేయించుకోవాలని ఉత్తర్వు ఇచ్చి, గొడవ రేగాక కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు రెండు చోట్లా గాలి కొంచెం వేడెక్కింది: 2025 జులైలో జపాన్ ఎగువసభ ఎన్నికల్లో “జపనీయులే ముందు” అన్న నినాదంతో ఒక పార్టీ 14 స్థానాలు గెలిచింది, అదే ఏడాది సోల్‌లోని మ్యోంగ్‌దోంగ్‌లో చైనీయులకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగాయి. కాబట్టి ఏది తమవాళ్ళుగా చూసే దేశమన్న ప్రశ్నకు నిలకడైన జవాబు నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా దొరకదు. ఎర్రమంచిలో కియా కర్మాగారం వచ్చాక అనంతపురం, పెనుకొండల్లో ఉంటున్న కొరియన్లను మనవాళ్ళు చూసి నవ్వుతారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆ నవ్వు నిజమైనదే. దాన్ని చూసి ఎవరైనా సోల్‌లోని తన చెల్లెలికి “ఇక్కడికి వచ్చి స్థిరపడిపో” అని ఉత్తరం రాస్తే మాత్రం మనమే కంగారు పడతాం.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో మీ గురించి మీరు రాసుకున్నది రెండే రెండు వాక్యాలు. జపాన్‌లో మీ వీసా మీద అనుమతితో వారానికి 28 గంటలు పని చేయవచ్చు. కొరియాలో ఉద్యోగి కుటుంబానికిచ్చే ఎఫ్-3 వీసా మీద సాధారణంగా ఉద్యోగం చేయడానికి వీలు లేదు. ఆ శిశు కేంద్రంలో పిల్లలు మిమ్మల్ని ‘సెన్సేయి’, అంటే టీచరు, అని పిలుస్తారని ఒకచోట రాశారు. ఏడేళ్ళలో జపాన్ మీకిచ్చిన ఒకే ఒక్క పిలుపు అది. సువోన్‌లో పగటిపూట ఆయన ఆఫీసులో, పాప బడిలో ఉంటే మీరు ఎక్కడ ఉంటారన్నది మీ ఇద్దరూ ఇంతవరకు మాట్లాడుకున్నట్టు లేదు.

ఆయన ముందు వెళ్ళి చూసి వస్తారన్న ఆలోచన పైకి తెలివైనదిగా కనిపిస్తుంది గానీ, మీ వీసా ఆయన జపాన్‌లో ఉద్యోగం చేస్తూ ఉండటం మీద నిలబడింది. ఆయన అక్కడ రాజీనామా చేసి సువోన్ వెళితే మీకూ పాపకూ కింద నేల ఉండదు. ఆ ఆరు నెలలూ మీరు నిషికసాయిలో ఉండాలంటే మీ పేరున సొంత ఉద్యోగ వీసా అయినా ఉండాలి, లేదా ఆయనకు శాశ్వత నివాసమైనా వచ్చి ఉండాలి. రెండూ లేకుండా ఆ దారి పట్టకండి.

శాశ్వత నివాసానికి పదేళ్ళు ఆగాలన్నది సాధారణ నియమం. అయితే చదువు, జీతం, వయసు, అనుభవం, జపనీస్ పరీక్ష వంటి వాటికి పాయింట్లు వేసే పద్ధతిలో 70కి తగ్గనివారు మూడేళ్ళ నివాసంతో, 80కి తగ్గనివారు ఒక్క ఏడాదితో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉన్నత నైపుణ్య వీసా చేతిలో ఉండి తీరాలని కూడా లేదు. మూడేళ్ళ కిందటా ఇప్పుడూ 70 పాయింట్లు ఉన్నాయని కాగితాలతో చూపగలిగితే చాలు. మీవారు 75 వరకు వస్తాయని ఒకసారి లెక్క వేశారని రాశారు. ఆ లెక్క నిజమైతే మూడేళ్ళు ఎందుకు ఎదురుచూస్తున్నారో నాకు అర్థం కాలేదు. పన్ను, పింఛను, ఆరోగ్య బీమా గడువులోగా కట్టారా లేదా అన్నది అక్కడి అధికారులు చాలా పట్టి చూస్తారు కాబట్టి, ఇలాంటి దరఖాస్తులు తయారుచేసే ‘గ్యోసెయి షోషి’ ఒకరికి పాత కాగితాలన్నీ చూపించి నిజమైన మొత్తం ఎంతో తేల్చుకోండి. ఆయనకు అది వస్తే మీరు శాశ్వత నివాసి భార్య హోదాకు మారవచ్చు, అప్పుడు 28 గంటల కట్టు కూడా పోతుంది.

దీనికి మూల్యం ఉంది. దరఖాస్తు పెట్టాక జవాబు రావడానికి ఏడాది పైనే పట్టవచ్చు, ఆ లోపల ఉద్యోగం వదిలి దేశం దాటితే దరఖాస్తు పెట్టినదానికి అర్థం ఉండదు. సువోన్ సంస్థ అంతకాలం ఆగుతుందా అంటే, ఆగకపోవచ్చు. అడగడంలో నష్టం లేదు. ఒకవేళ నివాసం వచ్చాక కొరియా వెళ్ళినా, వెళ్ళే ముందు పునఃప్రవేశ అనుమతి తీసుకోవాలి, దానికి గరిష్ఠంగా ఐదేళ్ళే గడువు. అది దాటితే హోదా పోతుంది.

వెంటనే వెళ్ళడానికే మీ ఇద్దరి మనసూ మొగ్గితే అదీ తప్పు కాదు. అప్పుడు జీతం కంటే ముందు మూడు సంగతులు సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఇల్లు సంస్థ ఇస్తుందా, పాప చదువు ఖర్చు పెట్టుకుంటుందా, మీకు పని చేసే వీలున్న వీసాకు మారే దారి ఏదైనా ఉందా. ఇల్లు మీరే చూసుకోవాల్సి వస్తే పెద్ద మొత్తం ఒకేసారి యజమాని చేతిలో పెట్టే జోన్సె పద్ధతి జోలికి పోకండి. 2022, 2023లలో ఇంచోన్‌లో ఆ పద్ధతిలో ఇల్లు తీసుకున్న ఎందరో మోసపోయారు. నెలవారీ అద్దె ‘వోల్సె’ మేలు. న్యాయశాఖ నడిపే సామాజిక సమైక్యతా కార్యక్రమంలో భాష నేర్పుతారు, తర్వాత వీసా మార్పులకూ అది పనికొస్తుంది. మొదటి నెలలోనే పేరు నమోదు చేయించుకోండి. హంగుల్ లిపి వారం రోజుల్లో పట్టుబడుతుంది. వాక్యంలో క్రియ చివరికే వస్తుంది కాబట్టి జపనీస్ మీకెలా అలవాటైందో కొరియన్ కూడా అలాగే అలవాటవుతుంది. పాప మీకంటే ముందే మాట్లాడేస్తుంది, కానీ ఇప్పుడు గలగలా మాట్లాడే జపనీస్‌ను రెండేళ్ళలో మరిచిపోతుంది. దానికి మీరు సిద్ధపడాలి.

ఉండిపోతే మాత్రం ఇప్పుడున్నట్టే ఉండిపోవద్దని నా విన్నపం. ఇంటి కోసం మళ్ళీ ఆ ఏజెంటు బల్ల ముందు కూర్చోకుండా ‘యూఆర్’ ఇళ్ళు చూడండి. ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఆ సంస్థ హామీదారును అడగదు, యజమానికిచ్చే కానుక డబ్బు ఉండదు, నివాస వీసా ఉన్న విదేశీయులకు తలుపు మూయదు. కొత్త ఇంట్లో దిగిన వారంలోనే అటూ ఇటూ పైనా కిందా ఉన్న తలుపులు తట్టి ఒక చిన్న తువాలో, బిస్కట్ల పెట్టెనో ఇచ్చి పేరు చెప్పుకోవడం అక్కడి ఆచారం. కొత్తగా వచ్చినవారే ముందు తట్టాలి. ఏడేళ్ళ కిందట మీరు తట్టారో లేదో రాయలేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో, భాష రాని దేశంలో, కడుపుతో ఉన్న అమ్మాయి ఆ పని చేయకపోతే నేను తప్పు పట్టను. ఏప్రిల్‌లో పాప బడి మొదలయ్యాక తల్లుల సంఘం పనులు, ఉదయాన్నే పిల్లలు రోడ్డు దాటుతుంటే జెండా పట్టుకుని నిలబడే వంతులు మీ మెడకూ పడతాయి. విసుగు పుట్టించే పనులే. కానీ జపాన్‌లో పిల్లలున్న ఆడవారికి స్నేహాలు కలిసేది ఎక్కువగా అక్కడే, మీరు ఆ గుమ్మం దాకా వెళ్ళాల్సిన వయసు పాపకు ఇంతవరకు రాలేదు.

మీవారితో మాట్లాడేటప్పుడు జపాన్ గొప్పా, కొరియా గొప్పా అన్న వాదనను పక్కన పెట్టి, ముందు పాయింట్ల కాగితం, సువోన్ సంస్థ ఇచ్చే జవాబు, ఈ రెండూ తెప్పించుకోండి. నెలాఖరుకు ఇంకా సమయం ఉంది. అవి చేతికొచ్చాక ఆయన జీతం పక్కన మీ పనిగంటలు కూడా ఒక వరసగా రాసి చూడమనండి.

రందోసెరు వెనక్కి ఇవ్వకండి. కొరియాలో అలాంటి సంచి వేసుకోకూడదన్న నియమమేమీ లేదు, పైగా పాప దాన్ని భుజాన వేసుకుని ఇల్లంతా తిరుగుతోందని మీరే రాశారు.